నా పేరు చెప్పు

అనంతపురంలో చూడ్డానికేముంది అని ఎవరైనా అంటే నాగలక్ష్మికి ఒళ్లు మండుతుంది. ఆ మాట ఊళ్లోవాళ్లే అనడం ఆమెకు మరీ కష్టం. బయటినుంచి ఎవరొచ్చినా లేపాక్షికి పొమ్మంటారు, పుట్టపర్తికి పొమ్మంటారు, తాడిపత్రికి పొమ్మంటారు. ఇక్కడ ఒక పూట ఉండి చూడండి అనేవాడు ఒక్కడూ లేడు. ఫోన్‌లో రేటింగు చుక్కలు చూసి ఊరు తెలుసుకోకూడదు, మనుషుల్ని అడిగి తెలుసుకోవాలి అనేది ఆమె సిద్ధాంతం. దోసెలు పోసేవాణ్ణి నువ్వు టిఫిన్ ఎక్కడ తింటావని అడగాలి. వాడు చెప్పిన చోట తిని, అక్కడివాణ్ణి నువ్వు బట్టలెక్కడ కొంటావని అడగాలి. అలా ఒకరి మాట పట్టుకుని ఇంకొకరి వాకిటికి పోతుంటే ఊరే మనల్ని వెంటబెట్టుకుని తిప్పుతుందని అంటుంది.

అందుకని, తాను కామర్స్ చెప్పే కాలేజీలో కొత్తగా చేరిన జంతుశాస్త్రం లెక్చరర్ జాయ్ వచ్చి, "మేడం, బాడిగకి ఇల్లు యాడన్నా ఉంటే చెప్పండి" అని అడిగితే నాగలక్ష్మికి పండగే అయింది. జాయ్‌ది కణేకల్ పక్కన పల్లె. వచ్చినప్పటినుంచి ఒక హాస్టల్లో ఉంటోంది. ఆదివారం ఆ గది ఖాళీ చెయ్యాలి. అదే రోజు తల్లి ఎలిజబెత్ మంచం, బీరువా, వంటసామాన్లు టెంపోలో వేసుకుని దిగుతుంది. అక్కడి ఇల్లు వదిలేసి వస్తోంది కాబట్టి వెనక్కి పోవడానికి కూడా లేదు.

"ఆదివారం లోపల ఇల్లు చూపిచ్చే పూచీ నాది. దాంతో పాటు ఊరూ చూపిస్తా" అంది నాగలక్ష్మి. ఆ సాయంత్రమే తన స్కూటీ మీద ఎక్కించుకుని పాతూరులో తండ్రి అంగడికి తీసుకుపోయింది.

పేటంతా శెట్టి అని పిలిచే బదరీనారాయణది పూజాసామాన్ల అంగడి. ఆయన దగ్గర పసుపు కుంకుమలు కొనకుండా ఆ పేటలో పెళ్లి జరగదు. పెద్దమనిషి. కసిరి ఎరగడు. ముఖ్యంగా, లేదు అనే మాట ఆయన నోట రాదు. సరుకు అయిపోయినా "వస్తాండాది, రేపు రాండి" అంటాడే కానీ లేదనడు. అంగట్లో కూర్చుని లేదంటే లక్ష్మి లేచిపోతుందని ఆయన నమ్మకం. కూతురి వెంట కొత్త పిల్లను చూడగానే స్టూలు జరిపాడు.

"కూర్చో తల్లీ. యా ఊరు?"

"కణేకల్ పక్కన సామీ."

"కాలవ నీళ్లుండే నేల. మా మాదిరి మబ్బు చూసుకోని బతికేది కాదు. నాయనేం చేస్తాడు?"

"నాయన లేడు సామీ. అమ్మ అంగన్‌వాడీలో చేస్తాండె."

"జాయ్ అంటే... చర్చికి పోతారేమో?"

"పోతాం."

"మంచిది, మంచిది. యా దేవునికన్నా మొక్కల్ల మనిషి" అంటూ డబ్బాలోంచి కలకండ పలుకు తీసి జాయ్ చేతిలో పెట్టాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఇల్లు ఏం పెద్ద పని? రేపు పొద్దున ముందు హనుమంతప్ప హోటల్లో ఉగ్గాని తినండి. తినకుండా మాత్రం పోవద్దు. తిన్యాక ఎనక సందులో పెద్దన్న మిద్దె ఉండాది, పైన ఖాళీ. నా పేరు చెప్పు."

ఈ ఊళ్లో 'నా పేరు చెప్పు' అంటే మామూలు మాట కాదు. డాక్టరు దగ్గర ముందు పోవాలన్నా, పెళ్లికి వంటమనిషి దొరకాలన్నా, కాలేజీలో సీటు కావాలన్నా ఎవరో ఒకరు నా పేరు చెప్పు అనాలి. ఎవరి పేరు చెబితే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో దాన్నిబట్టే మనిషి విలువ. తండ్రి పేరుకు పాతూరులో తెరుచుకోని తలుపు లేదని నాగలక్ష్మికి చిన్నప్పటినుంచీ గర్వం.

మర్నాడు హనుమంతప్ప హోటల్లో జాయ్ రెండోసారి ఉగ్గాని పెట్టించుకుంది. హనుమంతప్ప నానిన బొరుగుల్ని రెండు చేతులా పిండి తాలింపులో వేస్తుంటే, పుట్నాల పొడి చల్లుతుంటే కళ్లార్పకుండా చూసింది. మిరపకాయ బజ్జీ కొరికి కళ్లలో నీళ్లు తిరిగినా ఆపలేదు. ఊరే తన వంటిల్లు అయినట్టు నాగలక్ష్మి మురిసిపోయింది.

పెద్దన్న వాకిట్లోనే ఎదురొచ్చాడు. "రాండి రాండి, శెట్టి చెప్పినాడు" అని మజ్జిగ ఇప్పించాడు. కరివేపాకు, అల్లం వేసిన మంచి మజ్జిగ. తాగడం అయ్యాక గడ్డం గోక్కున్నాడు. "ఏం చెప్పేదమ్మా, నిన్ననే మా బామ్మర్దికి మాటిచ్చేస్తి. ఒక్క దినం ముందు వచ్చింటే మీకే. అయినా పోతా పోతా టవర్ క్లాక్ కాడ మసాలా బొరుగులు తిని పోండి, శానా బాగుంటాయి."

"చూసినావా? ఇల్లు లేకపోయినా ఒకటి చెప్పి పంపిచ్చినాడు" అంది నాగలక్ష్మి బయటికొచ్చాక.

గేటుకి టు-లెట్ బోర్డు కట్టే తీగ ఖాళీగా వేలాడుతోంది. ఆ తీగనే చూస్తూ జాయ్ స్కూటీ ఎక్కి కూర్చుంది.

మర్నాడు బదరీనారాయణ ఇంకో ఇల్లు చెప్పాడు. దానికి ముందు తినాల్సింది చెప్పాడు, చూడాల్సిందీ చెప్పాడు. ఫలానా అంగట్లో ఓళిగలు వేడివేడిగా పెనం మీదినుంచి నేరుగా తీసిస్తారు, నెయ్యి వేయించుకోండి అన్నాడు. అవి తిన్నారు. ఆ ఓళిగలామె చెబితే రుమాళ్లమ్మే ముసలాయన దగ్గరికి పోయారు. ఆయన జాయ్‌కి మూడు రకాల తలపాగాలు చుట్టి చూపించాడు. ఆ తర్వాత ఇంటికి పోయారు. ఇంటామె ఆప్యాయంగా మాట్లాడింది, చాపేసి కూర్చోబెట్టింది, కానీ బోరు ఎండిపోయిందంది. "ఉండే మాకే నీళ్లు చాలవు తల్లీ. ఇంగొకరిని పెట్టుకుంటే మీకీ కష్టం, మాకీ కష్టం."

ఆమె ఆ మాట అంటుండగా మిద్దె మీద ట్యాంకు నిండి గోడ వెంట నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, ట్యాంకు పొర్లుతాండాది. మోటరు కట్టెయ్యండి, నీళ్లు వృథా అవుతాండాయి" అంది నాగలక్ష్మి.

ఇంటామె ఒక్క పరుగున లోపలికి పోయింది. జాయ్ తల వంచుకుని చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్వుతోందో నాగలక్ష్మికి తట్టలేదు. తట్టకపోవడం వింతే. కామర్స్ పాఠం చెప్పే మనిషికి రెండూ రెండూ కూడడం రాకనా? ఆ కూడికకు ఒకవైపున తన ఊరు ఉంది, అందుకని ఆమె కూడలేదు.

శనివారానికి మాత్రం ఆమెకూ గుబులు పట్టింది. బదరీనారాయణ కూతురి ముఖం చూసి నొచ్చుకున్నాడు. "దిగులు పడొద్దు. ఈ పొద్దు యశోదమ్మ ఇంటికి పోండి. ముసిలామె ఒక్కతే ఉంటాది, పక్క పోర్షను ఖాళీ. ముందు వెంకటేశులు బండి కాడ ఎర్రకారం దోసె తినండి. ఆయప్ప నిదానంగా పోస్తాడు, ఓపిగ్గా కూర్చోని తిని పోండి."

పోయి చూస్తే వెంకటేశులు బండి మీద టార్పాలిన్ కప్పి తాడు కట్టి ఉంది. పామిడిలో పెళ్లికి పోయినాడని పక్కన పూలమ్మే ఆమె చెప్పింది. ఆకలిగా లేదంది జాయ్. ఇద్దరూ నేరుగా యశోదమ్మ ఇంటికే పోయారు.

యశోదమ్మకు చెవుడు. నాగలక్ష్మి గట్టిగా అరిచి తండ్రి పేరు చెప్పగానే ముసలామె మొహం విప్పారింది. "బదరీ కూతురివా! రా మే, రా" అంటూ మొలలోంచి బీగంచెవి తీసి పక్క పోర్షను తలుపు తెరిచింది. రెండు గదులు, చిన్న వంటిల్లు, వెనక బట్టలుతికే బండ. జాయ్ కొళాయి తిప్పింది. నీళ్లొచ్చాయి. ఆ నీళ్ల కింద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత అడుగులతో గోడ పొడవు కొలుచుకుంది. "అమ్మ మంచం ఈడ పడుతాది. కిటికీ పక్కన. ఆమెకి గాలి ఆడకపోతే నిద్ర పట్టదు" అంది. ఈ తిరుగుడులో ఆమె తనంతట తాను ఒక మాట మాట్లాడడం అదే మొదలు.

"బాడిగ నీకి కలిసొచ్చినంత ఇయ్యి. నాకి రాత్రిపూట పక్కన ఒక మనిషి ఉంటే చాలు. రేపే దిగండి" అని యశోదమ్మ బీగంచెవి జాయ్ చేతిలో పెట్టింది.

నాగలక్ష్మికి ఏడుపొచ్చినంత పనయింది. అప్పుడే యశోదమ్మ ఫోన్ మోగింది. చెవుడు కాబట్టి ఆమె ఎవరితోనైనా స్పీకరు పెట్టుకునే మాట్లాడుతుంది. మీట నొక్కి ఫోన్‌ను నోటి ముందు పట్టుకుంది.

"యశోదమ్మా, నేను బదరీని. ఇనపడతాందా?"

"ఆ, చెప్పప్పా."

"మా నాగలక్ష్మి వస్తాది నీ కాడికి, ఒకమ్మిని పిలుచుకోని. దోసె తిని వస్తారు, ఇంగా టైముండాది. ఇల్లు లేదని చెప్పి పంపియ్యి. ఆ పిల్లోల్లు చర్చోల్లు. ఇంగ నేను ఇడమరిచి చెప్పల్నా? మొగమ్మింద మాత్రం వద్దనద్దు. పాపం మంచి పిల్ల, నొచ్చుకుంటాది. బోరు ఎండిందనో, బంధువులు వస్తాండారనో ఏదో ఒకటి చెప్పు. అందరూ అట్లే చెప్పినారు. మా నాగలక్ష్మికి తెలీకూడదు."

గొంతు నాయనదే. కలకండ పలుకు చేతిలో పెట్టిన గొంతే. కోపం లేదు, ద్వేషం లేదు. జ్వరం వచ్చిన బిడ్డకి కషాయం ఎట్లా పట్టాలో చెప్పినంత మెత్తగా చెప్పాడు. హనుమంతప్ప హోటలు, ఓళిగలు, నిదానంగా పోసే దోసె. తినకుండా పోవద్దని నాయన అంత గట్టిగా చెప్పింది ఫోన్ చేసుకోవడానికి టైము కావాలనా?

"ఈడే ఉండారప్పా" అంది యశోదమ్మ.

"ఎవురు?"

"నీ కూతురు. ఆ పిల్లా."

అటునుంచి ఫోన్ పెట్టేసిన శబ్దం వెంటనే రాలేదు.

యశోదమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇనిరి గదా. ఇంగ నేను కొత్తగా చెప్పేదేముండాది?" అంది. సిగ్గుపడినట్టూ లేదు, సంతోషపడినట్టూ లేదు. జాయ్ బీగంచెవి కిటికీలో పెట్టి, కొళాయి ఇంకా కారుతోందేమో చూసి గట్టిగా కట్టి బయటికి నడిచింది.

స్కూటీ తాళం రంధ్రంలో పెట్టడం నాగలక్ష్మికి చేతకాలేదు.

"జరుగక్కా, నేను తోల్తా" అంది జాయ్. ఈ మాట దాకా ఆమె మేడం అనే పిలిచింది.

"నీకు తెలుసా?"

"పెద్దన్న మిద్దె కాడే తెలిసె. బోర్డు మెట్ల సందులో బోర్లేసిండె. తీగ ఇంగా ఊగుతాండె."

"మరి నాతో చెప్పలేదేం జాయ్?"

"చెప్తే ఏమంటావక్కా? మా ఊరు అట్లాంటిది కాదంటావు." స్కూటీ స్టాండు తీస్తూ మళ్లీ అంది, "ఒకరన్నా ఇస్తారేమోనని వచ్చినా. రేపు మా అమ్మ దిగుతాది గదా. ఉగ్గాని మాత్రం నిజంగానే బాగుండె."

"ఇల్లు దొరికేదంక మా ఇంటికి రాండి."

"మంచం, బీరువా పట్టుకోని యాడికి రావల్ల? నీకు మొగుడు, అత్త ఉండారు. వాళ్లని అడక్కుండానే పిలుస్తాండావు. వద్దులే. నేను చూసుకుంటా."

జాయ్ హాస్టల్ దగ్గర దిగాక నాగలక్ష్మి నేరుగా అంగడికి పోయింది. బదరీనారాయణ కాగితంలో పసుపు పోసి పొట్లం కడుతున్నాడు. పైన వేలాడే దారపుండలోంచి దారం లాగి నాలుగు వైపులా తిప్పి పుటుక్కున తెంపాడు. తలెత్తకుండానే, "తిన్నావా?" అని అడిగాడు.

"ఎవరెవరికి చేసినావు నాయనా ఫోను?"

"అందరికీ" అన్నాడు. దాచలేదు. "నాకు ఆ పిల్ల మింద కోపమా తల్లీ? నేను చెప్పకపోతే మాత్రం ఇస్తారా? మీరు ఏమిట్లోల్లు, యా కులం అని వాకిట్లో నిలబెట్టి అడుగుతారు. ఆ పిల్ల తలొంచుకోని చెప్పల్ల. వాళ్లు మొగం తిప్పుకోవల్ల. అదంతా లేకుండా చేస్తి. మజ్జిగిచ్చి, చాపేసి, మర్యాదగా పంపిచ్చినారా లేదా?"

"మర్యాదా అది?"

"మరేమి? రేపు నా పేరు చెప్పి దిగినాక, ఏం శెట్టీ, ఎవర్ని తెచ్చి మా నెత్తిన పెడితివి అని నన్నడగరా?"

"అట్లయితే మొదుటి దినమే నాతో లేదని చెప్పల్సింది. ఊరంతా తిప్పడమెందుకు?"

"నువ్వడిగితివి గదా" అన్నాడు బదరీనారాయణ. ఆయన కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. "నీ మొగమ్మింద లేదని ఎట్లా చెప్పేది?"

తిట్టి ఉంటే ఆమె ఎదురు తిట్టేది. ఆయన తాను పుణ్యమే చేశాననుకుంటున్నాడు. ఆమె అంగడి మెట్లు దిగింది. సందులో అందరూ ఎప్పటిలాగే పలకరించారు. పూలామె మూర పూలు ఊరకే ఇయ్యబోయింది. నాగలక్ష్మి చెయ్యి చాపలేకపోయింది.

ఆదివారం పొద్దున అంగడిలో రద్దీ ఎక్కువ. ఆ పూట నాగలక్ష్మి వచ్చి పొట్లాలు కట్టిపెట్టడం అలవాటు. మాటలు లేకపోయినా వచ్చింది. జాయ్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. తండ్రికి ఎదురుగా కాకుండా వారగా కూర్చుని వక్కలు కాగితాల్లో పోస్తోంది.

జాయ్ మెట్లెక్కి వచ్చింది. సందు మొగదల ఒక టెంపో ఆగి ఉంది. మంచం కోళ్లు పైకి లేచి కనిపిస్తున్నాయి. ముందు సీట్లో ఒకామె ఒళ్లో కుక్కర్ పెట్టుకుని కూర్చుంది.

"సామీ, ఇల్లు ఊడ్చేదానికి ఒక పరక ఇయ్యండి. బీగం, అగ్గిపెట్టె, పాలు కాచేదానికి ఒక చిన్న గిన్నె."

"ఇల్లు దొరికిందా తల్లీ?" బదరీనారాయణ ముఖంలో ఎంత సంతోషమో. బరువు దిగినట్టు లేచి తానే పరకలు దించాడు.

"దొరికింది సామీ. బత్తలపల్లె రోడ్డు సైడు. ముత్యాలప్ప అని, కండక్టరు పని చేసి రిటైరయినాడంట. వాళ్ల ఇంట్లో పెండ్లిళ్లకంతా సామాను మీ అంగట్లోనే కొన్న్యారంట."

"మంచిది, మంచిది. ఎట్లా ఇచ్చినాడు?"

"మీ పేరు చెప్పినా."

బదరీనారాయణ చేతిలో పరక అలాగే ఉండిపోయింది.

"నేను కిరస్తానమని ముందే చెప్పినా. ఆయప్ప మిమ్మల్ని ఒక మాట అడిగి తాళం ఇస్తానన్నాడు. మీరు పొద్దున అంగట్లోనే ఉంటారు, నేనూ ఆడే ఉంటా, ఫోన్ చెయ్యమని చెప్పొచ్చినా" అంది జాయ్. గొంతు పెంచలేదు. గల్లాపెట్టె ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ఆయన ముఖంలోకే చూస్తోంది.

ఫోన్ మోగింది. బదరీనారాయణ కూతురి వైపు చూశాడు. నాగలక్ష్మి లేచి వచ్చి ఫోన్ ఎత్తి, స్పీకరు నొక్కి ఆయన ముందు పెట్టింది.

"శెట్టీ, ముత్యాలప్పని. ఒక పాప నీ పేరు చెప్పింది. చర్చోల్లంట, నాకు దాంతో పని లేదు. రేపు ఈదిలో ఎవరన్నా అడిగితే శెట్టి చెప్పినాడని అనల్ల గదా, అందుకడుగుతాండా. నీకి తెలిసిన పిల్లేనా?"

బదరీనారాయణ నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. బోరు లేదు, బామ్మర్ది లేడు. ఎదురుగా పిల్ల ఉంది.

"తెలుసు" అన్నాడు.

"మంచి పిల్లేనా?"

"మంచి పిల్ల." చేతిలోని పరక గల్లాపెట్టె మీద పెట్టి, "ఇయ్యి" అన్నాడు.

జాయ్ డబ్బులు పెట్టి సామాన్లు తీసుకుంది. "మధ్యాన్నం పాలు పొంగిస్తామక్కా. నువ్వు రావల్ల" అని మెట్లు దిగింది. టెంపో కదిలి సందు తిరిగి కనిపించకుండా పోయింది.

అది మలుపు తిరగడమే ఆలస్యం, బదరీనారాయణ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. నాగలక్ష్మి నివ్వెరపోయింది. ఇంకా ఆ పిల్ల నిలబడ్డచోట వెచ్చదనమైనా తగ్గలేదు. మనిషి ఎదుట లేకపోతే చాలు, ఈయన ఏమైనా చెప్పగలడు. ఆమె ఫోన్ లాక్కుంది.

"పాలు పొంగేదంక ఇది నా కాడ ఉంటాది నాయనా."

ఒకసారి పాలు పొంగాక ఆ ఇంట్లోంచి మనిషిని పొమ్మనడానికి ఈ ఊళ్లో ఎవరికీ నోరు రాదు. అది అరిష్టం. ఆయనకూ తెలుసు.

"రేపు పేటంతా నన్నే అంటారే తల్లీ!"

ఆమె జవాబు చెప్పేలోగా ఆమె చేతిలోనే ఫోన్ మళ్లీ మోగింది. పెద్దన్న. ఆమె ఎత్తింది.

"శెట్టీ, పై పోర్షను ఇంగా ఖాళీగానే ఉండాది. మనోల్లెవరన్నా ఉంటే పంపియ్యి. ఔ గానీ, ఆ చర్చి పిల్ల కథ ఏమాయె?"

"నేను నాగలక్ష్మినన్నా" అంది ఆమె. "ఆ పిల్లకి ఇల్లు దొరికింది. మా నాయనే ఇప్పిచ్చినాడు."

"శెట్టి ఇప్పిచ్చినాడా? ఏమి మే, తమాషానా?"

"ఈడే ఉండాడు. నువ్వే అడుగు."

ఫోన్ తీసి తండ్రి నోటి ముందు పట్టుకుంది. ఆయన వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి దించలేదు, ఆయన ముఖం మీదినుంచి చూపూ తిప్పలేదు. ఎవరో అంగడి కింద నిలబడి టెంకాయలు ఎంతని అడుగుతున్నారు. పెద్దన్న హలో, హలో అంటున్నాడు.

"ఔ పెద్దన్నా," అన్నాడు బదరీనారాయణ. "నేనే ఇప్పిచ్చినా."